ఎర్ర టిక్కుల వెనుక: బెంగళూరు హైస్కూల్లో ఒక లెక్కల సార్ కేస్ స్టడీ

2024 జూలై చివరి వారం. హెడ్‌మిస్ట్రెస్‌గా పదో తరగతి బి సెక్షన్ లెక్కల నోట్సులు తెప్పించుకుని టేబుల్ మీద పెట్టుకున్నాను. త్రిభుజాల పాఠం, థేల్స్ సిద్ధాంతం: త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విడగొడుతుందన్నది. ఒక అమ్మాయి నిరూపణంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పటం పెన్సిల్‌తో చక్కగా గీసింది. కానీ మూడో మెట్టులో ఏడీ బై డీబీ రావాల్సిన చోట ఏడీ బై ఏబీ అని ఉంది. అక్కణ్ణుంచి కిందదంతా తప్పే. చివరి వరుస మాత్రం ఒప్పు, ఎందుకంటే అది పుస్తకంలో చూసి దించింది. పక్కన నాలుగు ఎర్ర టిక్కులు. కింద పొడి సంతకం, తేదీ.

అమ్మాయిని పిలిచి అడిగాను. "మా అన్నయ్య నోట్సు చూసి రాశాను మేడమ్, తొందరలో తప్పు పడింది" అంది. అన్నయ్య 2021-22లో మా స్కూల్లోనే పది చదివాడు. ఆ పాత నోట్సు కూడా తన సంచిలోనే ఉంది. తెరిచి చూశాను. అదే సిద్ధాంతం, దిద్దింది కూడా అదే లెక్కల సార్. ఆ అబ్బాయి ఒక మెట్టు దాటేసి రాస్తే, సార్ అక్కడ ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టి, మార్జిన్‌లో ఒక ప్రశ్న రాశారు: ఈ రెండు త్రిభుజాలకూ ఎత్తు ఒకటేనా? ఎక్కణ్ణుంచి గీశావు? కింద ఆ అబ్బాయి మళ్ళీ మొదటినుంచి చేసి చూపించాడు. దానికి ఇంకో సంతకం.

రెండు నోట్సులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మనిషి ఒకరే. డిగ్రీ, బీఈడీ, అనుభవం ఏవీ తగ్గలేదు, అనుభవం పెరిగింది కూడా. మరి మార్జిన్‌లో ఆ ప్రశ్న ఎక్కడికి పోయింది? ఈ కేసంతా ఆ ప్రశ్నను వెతుక్కుంటూ పోయినదే.

స్కూలు, సార్, ఆ ఏటి రిజల్టు

మా స్కూలు కేఆర్ పురం వైపు. స్టేట్ సిలబస్, ఇంగ్లీష్ మీడియం, ఒకటి నుంచి పది దాకా. కరస్పాండెంట్ గారు తెలుగువారు. స్టాఫ్‌లో సగానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్ళే: అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, కోలారు జిల్లాలో పుట్టి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదువుకున్నవాళ్ళు. పిల్లల్లో కూడా బిల్డింగ్ పనులకు వచ్చిన రాయలసీమ కుటుంబాలవాళ్ళు చాలామంది. నేను 2023 జూన్‌లో ఇక్కడ హెచ్ఎంగా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు సోషల్ చెప్పాను.

లెక్కల సార్‌ది బంగారుపేట. రోజూ రైల్లో వచ్చి పోతారు. ఎనిమిదో తరగతి ఒక సెక్షన్, తొమ్మిది రెండు, పది రెండు ఆయనవే. క్లాసుకు ఆలస్యంగా వెళ్ళరు, పోర్షన్ టైముకు అయిపోతుంది, లెసన్ ప్లాన్ పుస్తకం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరొచ్చినా ఆయన రికార్డుల్లో వంక పెట్టలేరు. ఉత్సాహం తగ్గిన టీచరంటే క్లాసు ఎగ్గొట్టేవాడని మనం అనుకుంటాం. నేను చూసినంతలో హైస్కూల్లో అలా కనిపించేవాళ్ళు తక్కువ. మనిషి వస్తాడు, బోర్డు నింపుతాడు, సంతకాలు పెడతాడు. పిల్లాడి తప్పు దగ్గర ఆగడం మాత్రం మానేస్తాడు.

ఆ సంవత్సరం అందరికీ టెన్షన్ ఎక్కువగా ఉంది. కర్ణాటకలో 2024 నుంచి ఎస్ఎస్ఎల్‌సీ (పదో తరగతి బోర్డు) పరీక్ష హాళ్ళలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాది 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడింది, అదీ గ్రేస్ మార్కులు పెంచి ఇచ్చాక. మా స్కూలు రిజల్టు కూడా పడింది, లెక్కల్లో బాగా పడింది. మే నెలలో జరిగిన మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో కరస్పాండెంట్ గారు ఒక కాగితం తీశారు. సబ్జెక్టు వారీగా టార్గెట్. చేరుకుంటే బోనస్, చేరకపోతే ఇంక్రిమెంట్ కట్. "సార్‌కు బద్ధకం వచ్చింది మేడమ్. డబ్బుతోనే కదులుతారు" అన్నారు. ఒక టర్మ్ టైమివ్వండి, కారణం తెలుసుకుని చెప్తానని అడిగాను.

వారం లెక్క

నేను మొదట సార్‌ను ఏమీ అడగలేదు. టైమ్‌టేబుల్, సబ్‌స్టిట్యూషన్ (సెలవు పెట్టినవాళ్ళ క్లాసులకు వేరేవాళ్ళు వెళ్ళడం) రిజిస్టర్ ముందేసుకుని ఆయన వారం ఎలా గడుస్తోందో లెక్క కట్టాను.

వారానికి 44 పీరియడ్లు. కాగితం మీద ఆయనవి 32, లీజర్ (ఖాళీ పీరియడ్లు) 12. కానీ రిజిస్టర్ ప్రకారం సగటున వారానికి ఐదు లీజర్లు సబ్‌స్టిట్యూషన్‌కే పోతున్నాయి. మిగిలినవి ఏడు. పీరియడ్ 40 నిమిషాలు కాబట్టి 280 నిమిషాలు. ఇప్పుడు నోట్సులు చూద్దాం. ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు సుమారు 45 మంది, అంటే 225 నోట్సులు. మా రూలు ప్రకారం అన్ని నోట్సులూ ప్రతివారం దిద్దాలి. ఒక్కోదానికి రెండే నిమిషాలు అనుకున్నా 450 నిమిషాలు. ఏడున్నర గంటలు. ఆయన దగ్గర ఉన్నది నాలుగు గంటల నలభై నిమిషాలు. అందులోనే స్లిప్ టెస్టుల పేపర్లు దిద్దాలి, క్వశ్చన్ పేపర్లు తయారు చేయాలి. ఆయనకు కంప్యూటర్ వచ్చు కాబట్టి సాట్స్ పోర్టల్లో (విద్యార్థుల రికార్డుల ప్రభుత్వ వెబ్‌సైట్లో) మార్కులు ఎక్కించే పని స్కూలు మొత్తానికీ ఆయన మీదే పడింది. సాయంత్రం బస్ డ్యూటీ. ఆ తర్వాత రైలు.

ఈ లెక్క చేశాక నాకు సిగ్గేసింది. అన్ని నోట్సులకూ సంతకం ఉండాలన్న రూలు నాదే. ఆ రూలు పాటించాలంటే టిక్కులు కొట్టుకుంటూ పోవడం తప్ప ఇంకో దారి లేదు. ఆయన నేనడిగిందే చేస్తున్నారు.

అయినా ఇదొక్కటే కారణమంటే నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే పక్క గదిలో సైన్స్ మేడమ్ ఉన్నారు. ఇంచుమించు అదే లోడు. ఆవిడ నోట్సులు ఇంటికి మోసుకెళ్ళి, రాత్రి కూర్చుని, ఒక్కో పిల్లకు ఒక్కో మాట రాసుకొస్తారు. లోడు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

రైలు స్టేషన్ దాకా నడక

ఆగస్టులో ఒక సాయంత్రం సార్‌తో కలిసి కేఆర్ పురం స్టేషన్ దాకా నడిచాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి అడిగితే ఏ టీచరూ నిజం చెప్పరు. అన్నయ్య నోట్సు సంగతి చెప్పి, "అప్పట్లో ఎంత బాగా రాసేవారు సార్" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "రాస్తే ఎవరు చూస్తారు మేడమ్? తప్పు పడితే మాత్రం అందరూ చూస్తారు."

నేను చేరకముందు, 2022లో ఆయన ఒక ప్రతిపాదన రాసిచ్చారట. పదో తరగతిలో వెనకబడ్డ పిల్లల్ని ఇరవై మందిని విడదీసి, రోజూ ఒక అరగంట, అవసరమైతే తెలుగులోనూ కన్నడంలోనూ చెప్తానని. పోర్షన్ అయితే చాలు, కొత్త ప్రయోగాలు వద్దని తిప్పి పంపారు. అదే ఏడాది పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి మా వాడికి మార్కులు తక్కువొచ్చాయని గట్టిగా అరిస్తే, అందరి ముందూ, పిల్లల ముందూ మేనేజ్‌మెంట్ ఆయన్నే నిలదీసింది. ఆ పిల్లాడు నలభై రోజులు స్కూలుకే రాలేదన్న మాట చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పారు. తన దగ్గర చదివి పాసైన పిల్లల వీధుల్లోనే పాంఫ్లెట్లు పంచారు. "మా పాత స్టూడెంట్ బైక్ మీద వెళ్తూ ఆగి నమస్కారం పెట్టాడు మేడమ్. పాంఫ్లెట్లు వెనక్కి దాచుకున్నాను" అన్నారు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

జీతం ఒక్కోసారి 18న, ఒక్కోసారి 20 దాటాక పడుతుంది. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఈ రెండూ ఆయన అన్నిటికన్నా చివర చెప్పారు. అడిగితేనే చెప్పారు.

బోనస్ మాట

బోనస్ పనికిరాదని నేను కళ్ళు మూసుకుని అనలేదు. మన తెలుగు నేల మీదే దానికి పెద్ద సాక్ష్యం ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ నడిపిన పెద్ద ప్రయోగాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ విశ్లేషించారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్. సగటున అది ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్ళకు ఆ బడుల పిల్లలు మిగతావాళ్ళకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు (పిల్లల మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ముందున్నారు. చిన్న విషయం కాదు. అందులో నన్ను ఆపింది ఇంకో సంగతి: టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున చేసే పని పెరిగింది. అదనపు క్లాసులు, ప్రాక్టీసు టెస్టులు.

అదే ప్రాజెక్టులో ఇంకో ముక్క ఉంది. కొన్ని బడులకు బోనస్ లేకుండా, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో చెప్పే వివరమైన రిపోర్టులు మాత్రమే ఇచ్చారు. ఎవరైనా క్లాసు చూడటానికి వచ్చినప్పుడు అక్కడి టీచర్లు చురుగ్గా కనిపించారు. పిల్లల మార్కులు మాత్రం మారలేదు. ఇది చదివినప్పుడు నేను చేసే క్లాస్ అబ్జర్వేషన్లు, రిమార్కులు గుర్తొచ్చాయి.

అమెరికాలోని నాష్‌విల్‌లో మాత్రం 2006 నుంచి మూడేళ్ళు మిడిల్ స్కూల్ లెక్కల టీచర్లకు ఏడాదికి 15 వేల డాలర్ల దాకా ఆశ చూపించారు. మొత్తం మీద పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. అంటే డబ్బు ఒకచోట పనిచేస్తుంది, ఇంకోచోట చేయదు. అక్కడి టీచరుకు అప్పటికి ఏం అడ్డుగా ఉందో దాన్నిబట్టే ఉంటుంది.

మనస్తత్వవేత్త విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పిన సూత్రం కరస్పాండెంట్ గారికి లెక్కలాగే రాసి చూపించాను. కష్టపడితే పని బాగా అవుతుందన్న నమ్మకం, పని బాగా అయితే దానికి ఫలితం దక్కుతుందన్న నమ్మకం, ఆ ఫలితం మీద ఇష్టం. ఈ మూడింటి గుణకారమే ప్రేరణ. కూడిక కాదు, గుణకారం. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నా. మా సార్ విషయంలో మధ్యది సున్నా. బాగా రాసినా, ప్రతిపాదన ఇచ్చినా ఫలితం లేదని ఆయనకు అనుభవమే నేర్పింది. 20వ తేదీ దాకా జీతమే ఇవ్వని చోట మార్చిలో బోనస్ ఇస్తామంటే ఎవరు నమ్ముతారు? ఈ మాట అనడానికి నాకు ధైర్యం కావలసి వచ్చింది, కానీ అన్నాను.

జీతాల గురించి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పారు. పిట్స్‌బర్గ్‌లో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి తేల్చింది ఇది: జీతం, పైవాళ్ళ ప్రవర్తన, పని పరిస్థితులు సరిగ్గా లేకపోతే మనిషి అసంతృప్తిలో ఉంటాడు. అవి సరిచేస్తే అసంతృప్తి పోతుంది, అంతేకానీ ఉత్సాహం దానంతటదే రాదు. ఉత్సాహం పనిలోంచి, సాధించామన్న తృప్తిలోంచి, గుర్తింపులోంచి రావాలి. దీన్ని తర్వాతి పరిశోధకులు చాలా విమర్శించారు. నా అనుభవంలో మాత్రం ప్రైవేటు స్కూలు టీచర్ల విషయంలో వరుసక్రమానికి ఇది బాగా పనికొస్తుంది. ముందు జీతం తేదీ, తర్వాత ప్రశంస. జీతం ఆలస్యం చేస్తూ టీచర్స్ డే నాడు శాలువా కప్పితే అది అవమానంలా ఉంటుంది.

ఏం మార్చాం

జీతం 5వ తేదీలోపు పడటానికి మూడు నెలలు పోట్లాడాల్సి వచ్చింది. సర్టిఫికెట్లు తిరిగివ్వడం అంతకంటే కష్టమైంది. ఇచ్చేస్తే అందరూ వెళ్ళిపోతారని భయం. జిరాక్సులు ఉంచుకుని సెప్టెంబర్‌లో ఇచ్చాం. ఒక టీచర్ నిజంగానే అక్టోబర్‌లో వెళ్ళిపోయారు. ఆ ఒక్కరి పేరు చెప్పి నన్ను చాలా రోజులు దెప్పారు. మిగతావాళ్ళు ఉన్నారు.

సాట్స్ ఎంట్రీ ఆఫీసు క్లర్కుకు మార్చాను. నోట్సుల రూలు తీసేశాను. బదులుగా ఏం చేద్దామని సార్‌నే అడిగితే ఆయనే చెప్పారు: వారానికి ప్రతి సెక్షన్‌లో 15 నోట్సులు, మూడు వారాలకు క్లాసంతా పూర్తి. అంటే వారానికి 75 నోట్సులు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, మొత్తం 300 నిమిషాలు. టైమ్‌టేబుల్లో వారానికి నాలుగు లీజర్లకు 'కరెక్షన్' అని రాసి, ఎవరు సెలవు పెట్టినా వాటిని ముట్టుకోకూడదని పెట్టాం. ఎవరూ లేని రోజు ఆ క్లాసుకు నేనే వెళ్ళాను. అదే అసలు పరీక్ష. హెచ్ఎం వెళ్తేనే ఆ పీరియడ్ నిలబడుతుంది.

2022లో తిప్పి పంపిన ప్రతిపాదన బీరువాలోంచి తీయించి, దాని మీద 'అనుమతి' అని రాసి ఆయన చేతికిచ్చాను. ఏ పాఠం ముందు, ఏది వెనక, ఎవరెవరు ఆ గుంపులో ఉండాలి, అంతా ఆయన ఇష్టం. మొదటి రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. సరూప త్రిభుజాలంటే ఏమిటో చెప్పడానికి ఒక పిల్లాడి ఆధార్ కార్డు, దాని చిన్న జిరాక్సు పక్కపక్కన పెట్టారు. "ముఖం మారిందా? మారలేదు. సైజు మారింది. అంతే" అన్నారు తెలుగులో. వెనక కూర్చున్న మేస్త్రీ కొడుకు, రెండేళ్ళుగా లెక్కల క్లాసులో నోరు విప్పనివాడు, "మరి ముక్కు ఎంత తగ్గిందో చెవి కూడా అంతే తగ్గాలి కదా సార్?" అన్నాడు. నిష్పత్తి అంటే అదే. సార్ ముఖం చూడాలి అప్పుడు.

ఒక తప్పు కూడా చేశాను. నోటీసు బోర్డు మీద నెలకొక 'బెస్ట్ టీచర్' ఫోటో పెట్టించాను. రెండు నెలల్లో స్టాఫ్ రూములో మాటలు తగ్గిపోయాయి. నచ్చినవాళ్ళకే ఇస్తున్నారన్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. తీయించేశాను.

ఏం కనిపించింది

నెలకొకసారి ఆయన దిద్దిన నోట్సుల్లోంచి 20 తీసి, టిక్కు కాకుండా ఒక్క మాటైనా రాసినవి ఎన్ని అని లెక్కపెట్టుకున్నాను. జూలైలో 1. సెప్టెంబర్‌లో 3, నాకు నిరాశ వేసింది. జీతం ఇంకా గాడిలో పడలేదు, సార్‌కు మా మీద నమ్మకం కూడా కుదరలేదు. నవంబర్‌లో 13. జనవరిలో ప్రిపరేటరీ పరీక్షల హడావిడిలో మళ్ళీ 8. ఈ అంకెలు ఒక్క మనిషివి, ఒక్క ఏడాదివి. అంతకు మించి వాటిలోంచి ఏమీ లాగను. ఎస్ఎస్ఎల్‌సీ రిజల్టు కొంచెం మెరుగైంది, కానీ బ్యాచ్ వేరు, పిల్లలు వేరు. దాన్ని ఈ కేసు ఖాతాలో వేయను. నాకు ముఖ్యమైంది ఆ అమ్మాయి నోట్సు. ఫిబ్రవరిలో చూస్తే మార్జిన్‌లో సార్ ప్రశ్న ఉంది, దాని కింద పెన్సిల్‌తో ఆ పిల్ల జవాబు ఉంది.

ఇక సైన్స్ మేడమ్ సంగతి. ఈ ఏడాది పొడుగునా నేను ఆవిడను ఒక కొలతలా వాడుకున్నాను. అదే లోడుతో ఆవిడ చేయగలుగుతున్నారు కదా అని సార్‌ను పోల్చాను. క్లర్కు రానిరోజు సాట్స్ పని ఆవిడకే ఇచ్చాను, కాదనరని. సైన్స్ ఎగ్జిబిషన్ ఆవిడకే, కల్చరల్ ప్రోగ్రాం ఆవిడకే. పనిచేసేవాళ్ళకే పని అని మన స్కూళ్ళలో అందరూ అంటారు, నేనూ అదే చేశాను. కరెక్షన్ పీరియడ్లు మొదట సార్ ఒక్కరికే పెట్టాను. ఆవిడకు అవసరమని నాకు తట్టలేదు. ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

మార్చిలో ఆవిడ రాజీనామా తెచ్చిచ్చారు. వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్ఈ స్కూలు, జీతం ఎక్కువ. ఉండమని అడిగాను. "డబ్బు కోసమే కాదు మేడమ్" అన్నారు. "మూడేళ్ళుగా మా ఇంట్లో భోజనాల బల్ల మీద నోట్సులే. మా పాప హోంవర్క్ చేసుకోవడానికి చోటు లేదు. బాగా చేస్తున్నానని మీరు అనేవారు, సంతోషంగా ఉండేది. కష్టంగా ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు." నాకు జవాబు రాలేదు. ఉత్సాహం తగ్గినవాళ్ళ గురించి ఏడాదంతా ఆలోచించాను. ఉన్నవాళ్ళ ఉత్సాహం ఎవరి ఇంట్లోంచి, ఎవరి నిద్రలోంచి వస్తోందో చూడలేదు. ఈ కేసు మళ్ళీ మొదటినుంచి చేసే వీలుంటే ఆవిడతోనే మొదలుపెట్టేదాన్ని.

వెళ్ళేముందు ఆవిడ ఒక లాంగ్ నోట్ బుక్ ఇచ్చి వెళ్ళారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరికీ అర పేజీ: ఎవరికి కాంతి పటాల్లో బాణం గుర్తులు తారుమారవుతాయి, ఎవరు సమీకరణాలు తుల్యం చేయగలిగి కూడా భయంతో వదిలేస్తారు, ఎవరికి కళ్ళజోడు అవసరమని ఇంట్లో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 2025 జూన్‌లో కొత్త సైన్స్ టీచర్ చేరిన రోజు ఆ పుస్తకం ఆమె చేతికిచ్చాను. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఈసారి క్లాసుల కంటే ముందు అందరి కరెక్షన్ పీరియడ్లూ గళ్ళలో నింపాను. ఆమె గళ్ళు నాలుగు. మొదటి వారంలోనే ఇద్దరు సెలవు పెట్టారు. ఎనిమిదో తరగతి క్లాసుకు నేనే వెళ్ళాను.